మనిషి లేని బిందె

ఈ పనిలో చేరిన కొత్తలో ఒకరోజు మా అమ్మ అడిగింది. "రోజూ బస్సెక్కి అనంతపురం పోయి నువ్వు చేసేదేంది పాపా?"

"వీడియో గేముల్లో కథ రాస్తానమ్మా. కథ నడస్తా నడస్తా ఒక చోట నిలబడి, ఇప్పుడు నువ్వైతే ఏం చేస్తావు అని ఆడేవాళ్ళను అడగతాది. వాళ్ళు ఏ మీట నొక్కితే ఆ దారిన పోతాది."

అమ్మ ఒళ్ళో ఉన్న పట్టునూలు చిక్కు విప్పుతూనే, "దానికి జీతం ఇస్తారా? నీకు నేను ఊరికే చేసిందే గదా అది!" అంది.

నిజమే. నేను బడికి పోలేదు. చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. దుమ్ము లేస్తే ఊపిరి అందేది కాదు, మా ధర్మవరంలో దుమ్ము లేవని రోజు తక్కువ. మాది పట్టునూలు అంగడి. నాయన నన్ను అంగట్లోనే కూర్చోబెట్టుకుని లెక్కలు, తెలుగు, కొంచెం కన్నడం నేర్పాడు. మధ్యాహ్నం బేరాలు లేని వేళ అమ్మ పురాణ కథలు చదివేది. మంచి పట్టులో ఉండగా పుస్తకం మూసి, "ఇప్పుడు నువ్వైతే ఏం చేస్తావు?" అనేది. నేను ఏం చెప్పినా తప్పనేది కాదు. నేను చెప్పిన దారినే కథను కొంతదూరం నడిపించి, నాకు తెలియకుండానే మెల్లగా తెచ్చి అసలు కథలో కలిపేది. ఆడేవాళ్ళకు స్వేచ్ఛ ఇస్తూనే కథను చెదరకుండా కాపాడుకోవడం ఎలాగని ఈ రంగంలో పెద్ద పెద్ద చర్చలు జరుగుతాయి. మా అమ్మ నూలు చిక్కు తీస్తూ చేసిన పని అది. అలాంటి తల్లిని నాకిచ్చిన అమ్మవారికి దండం పెట్టుకుని ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

ఇప్పుడు పని మానుకుని ఇంట్లో ఉన్నాను. ఈ రంగంలోకి రావాలనుకునే పిల్లలు, అందులోనూ మన జిల్లా ఆడపిల్లలు, ఏ కోర్సు చదవాలి, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి అని ఫోన్ చేసి అడుగుతుంటారు. అవి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. అనంతపురం ఆఫీసు గదిలో కూర్చుని మేము నిజంగా చేసిందేమిటో మాత్రం నేను చెప్పగలను.

దూడ బతికిందా?

సినిమాలాగా నడిచే గేముల్లో ఆడేవాళ్ళు ఎక్కువసేపు చూస్తూ ఉంటారు. ఉన్నట్టుండి తెర మీద ఒక మీట గుర్తు మెరుస్తుంది. దాని చుట్టూ ఒక వలయం చిన్నదవుతూ వస్తుంది. అది మూసుకుపోయేలోగా నొక్కాలి. నొక్కితే కథానాయిక గోడ దూకుతుంది, లేదంటే కింద పడుతుంది. దీన్ని క్విక్ టైమ్ ఈవెంట్ అంటారు. అంత పేరు మాకు నోరు తిరగక మా గదిలో "గబుక్కు" అనేవాళ్ళం. "అక్కా, ఈ సీనులో గబుక్కు యాడ పెడదాం?" అని అడిగేవాళ్ళు.

కంపెనీ బెంగళూరుది. అనంతపురంలో ఒక బట్టల అంగడి పైన మాకు గది ఉండేది. ఆ గదికి పెద్ద మంజునాథ్ గారు. మధుగిరి వైపు మనిషి, తెలుగులో సగం కన్నడం కలిపి మాట్లాడేవారు. ఆయన అరిస్తే కింద చీరలు బేరమాడేవాళ్ళు తలెత్తి పైకి చూసేవాళ్ళు. అంత అరిచే మనిషి, ఎవరైనా గేమ్ ఆడుతుంటే మాత్రం ఊపిరి కూడా మెల్లగా తీసుకునేవారు.

నేను రాసిన మొదటి గబుక్కు బావిలో పడ్డ దూడను తాడుతో పైకి లాగే ఘట్టం. మీటను టకటకా నొక్కుతూ ఉండాలి. ఆపితే తాడు జారుతుంది. నాకు అది బ్రహ్మాండంగా అనిపించింది. ఒక అబ్బాయిని పిలిచి ఆడించాం. నేను చేతులు కట్టుకుని తెర చూస్తున్నాను.

"ఏమమ్మా, నువ్వు యాడ చూస్తాండావు?" అన్నారు మంజునాథ్ గారు.

"తెర మీద, సార్."

"తెర మీద ఏముండాదో నీకు తెలీదా? రాసింది నువ్వే గదా. ఆయప్ప మొగం చూడు."

చూశాను. పళ్ళు బిగించి, కళ్ళు ఆ వలయం మీదే పెట్టి నొక్కుతున్నాడు. దూడ పైకి వచ్చింది. తల్లి ఆవు నాకుతోంది. నేను ఎంతో ప్రేమగా రాసుకున్న చోటు అది.

"దూడ బతికిందా?" అని అడిగారు సార్.

"దూడనా?" అన్నాడా అబ్బాయి బొటనవేలు విదిలించుకుంటూ. "చూడల్యా సార్. మీటే చూస్తాంటి."

వలయం తీసేశాం. దూడ 'అంబా' అన్నప్పుడల్లా ఒకసారి లాగితే చాలు. వేళ్ళు చురుగ్గా లేనివాళ్ళు కూడా ఆడగలిగారు. దూడ అరుపు కోసం చెవులు రిక్కించి కూర్చున్నారు. పైకి రాగానే నవ్వారు. వేళ్ళను అలసిపోయేట్టు చేసి, మనసును కదిలించామనుకోవడం ఈ రంగంలో చాలామంది చేసే పొరపాటు. మీరు కొత్తవాళ్ళు, మీరూ చేస్తారు. చేసినప్పుడు తెర వైపు చూడకండి, ఆడే మనిషి ముఖం చూడండి.

నస్రీన్ సీను

నస్రీన్‌ది రాయదుర్గం. జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్లో మిషన్ మీద పనిచేస్తూనే, తన లాప్‌టాప్‌లో చిన్న గేమ్ ఒకటి చేసి మా ఆఫీసుకు పంపింది. సూది విరిగితే సూపర్‌వైజర్‌కు చెప్పాలా, దాచిపెట్టాలా అన్నదే ఆ గేమ్ అంతా. మంజునాథ్ గారు చూసి, చూసి, "ఈ పాపను పిలిపించండి" అన్నారు.

పిలిపించారు కానీ ఉద్యోగం ఖాయం చేయలేదు. కరువు మీద పెద్ద గేమ్ ఒకటి తయారవుతోంది. దానికి డబ్బు పెట్టేవాళ్ళకు బెంగళూరులో కొన్ని సీన్లు ఆడించి చూపించాలి. అందులో మా గది నుంచి పోయేది ఒక్క సీను. అది నస్రీన్ చేతికిచ్చారు. సీను నిలబడితే ఉద్యోగం, లేకపోతే లేదు.

"మా అబ్బా ఒకటే మాట అన్నాడక్కా" అని చెప్పింది నాతో. "పని ఖాయమైతే ఆడనే ఉండు, లేదంటే వచ్చి మిషన్ మీద కూచో, ఈ అటూ ఇటూ గాని పరేషాను మాకొద్దు అని."

"నీకు ఏం కావాల?"

"ఈడ ఉండాల. ఆడ రోజంతా ఒకే జేబు కుట్టినానక్కా. వేరే వాళ్ళ ప్యాంటుకు, వేరే వాళ్ళ జేబు."

సీను ఇది. గంగమ్మ అనే తల్లి, ఇంట్లో జ్వరంతో ఉన్న బిడ్డ, వీధిలోకి వచ్చిన నీళ్ళ ట్యాంకరు. బిందెల వరుస. మాటలు నాకు అప్పగించారు, మలుపులు నస్రీన్‌కు.

రాసేటప్పుడు మా వీధి సంగతి ఆమెకు చెప్పాను. నా చిన్నప్పుడు కరువు ఏళ్ళలో ట్యాంకరు ఎప్పుడొస్తుందో తెలిసేది కాదు. అమ్మ తెల్లవారగానే బిందె వరుసలో పెట్టి అంగడి పనిలో పడిపోయేది. నేను ఎండలో, దుమ్ములో నిలబడలేను. తలుపు వేసుకుని లోపలే ఉండేదాన్ని. చివర్లో అమ్మ పరుగున పోయేసరికి మా బిందె సరిగ్గా ట్యాంకరు ముందు ఉండేది. ఎట్ల వచ్చిందమ్మా అంటే, "అమ్మవారే జరిపింది" అనేది. నేను నమ్మాను. పెద్దదాన్నయ్యాక కూడా, సరే, ఎలాగో వచ్చి ఉంటుంది అనుకున్నానే తప్ప ఎలా వచ్చిందని ఆలోచించలేదు. నస్రీన్ విని నవ్వి ఊరుకుంది.

అందులోంచే ఆమె ఒక గబుక్కు తీసింది. వరుసలో గంగమ్మ ముందు నీలం బిందె ఒకటి ఉంటుంది, దాని పక్కన మనిషి ఉండదు. రెండు మీటలు మెరుస్తాయి. ఎర్రది నొక్కితే ఆ బిందెను పక్కకు నెట్టి గంగమ్మ ముందుకు పోతుంది, బిడ్డకు నీళ్ళు దొరుకుతాయి. పసుపుది నొక్కితే మర్యాదగా దాని వెనకే ఆగుతుంది, వెనకవాళ్ళు దాటి పోతారు, నీళ్ళు అయిపోతాయి. ఆలోచించుకోవడానికి కొద్ది క్షణాలే. పెద్ద పెద్ద గేముల్లో చూసి నేర్చుకున్న పద్ధతే ఇది. ఒకటి చెడ్డ దారి, ఒకటి మంచి దారి, మంచికి నష్టం. మా అందరికీ నచ్చింది. మంజునాథ్ గారు కూడా, "పరవాలేదు" అన్నారు. ఆయన నోట ఆ మాట వస్తే మేము టీ తెప్పించుకునేవాళ్ళం.

రెండూ నాకు వద్దు

ఆడించి చూడటానికి కింది బట్టల అంగడి నుంచి సుంకమ్మ వచ్చింది. పామిడి దగ్గర పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చి పోయే అమ్మాయి. బస్సులో ఫోన్లో గేములు ఆడటం అలవాటు, మీటలు కొత్త కాదు. బిందె దగ్గరికి వచ్చేదాకా చకచకా ఆడింది.

ఎర్ర మీట మెరిసింది. పసుపు మీట మెరిసింది. సుంకమ్మ ఆకుపచ్చ మీట నొక్కింది.

ఆకుపచ్చ మీట గేమంతా వస్తువులు ఎత్తడానికీ జరపడానికీ వాడేది. ఈ ఘట్టంలో దానికి పని లేదు. వలయం మూసుకుపోయింది. 'ఆలస్యం చేశారు' అని తెర నల్లబడింది. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ ఆకుపచ్చ మీటే. మళ్ళీ తెర నల్లబడింది.

"సుంకమ్మా, ఆడ పచ్చది పనిచెయ్యదు" అంది నస్రీన్. "ఎర్రదీ పసుపుదీ చూడు."

"చూసినాలేమ్మా. రెండూ నాకు వద్దు" అంది సుంకమ్మ, మళ్ళీ ఆకుపచ్చ మీట నొక్కి.

మంజునాథ్ గారు కుర్చీ వెనక్కు జరిపారు. "ఇది కుదిరేట్టు లేదు. ఆడేవాళ్ళకే అర్థం గాకుంటే బెంగళూరులో ఏం చూపిస్తాం? వేరే సీను చూసుకుందాం." నస్రీన్ తల దించుకుని కేబుల్ చుట్టడం మొదలుపెట్టింది. చుట్టాల్సిన కేబుల్ కాదది, సుంకమ్మ చేతిలో ఉన్న రిమోట్‌ది. చుట్టేకొద్దీ సుంకమ్మ చెయ్యి ముందుకు సాగుతోంది.

అప్పుడు మంజునాథ్ గారు లేచినవారు లేచినట్టే ఆగారు. ఆయన చూపు సుంకమ్మ బొటనవేలి మీద ఉంది.

"ఉండమ్మా. ఒక మాట చెప్పు. ఆ పచ్చ మీటతో ఏం చేద్దామని నొక్కతాండావు?"

"బిందె జరుపుదామని సార్."

"పక్కకా?"

"పక్కకెందుకు సార్? ముందుకు. నా బిందె జరిపినప్పుడంతా దాన్నీ కాలితో రవ్వంత ముందుకు తోస్తా పోవల్ల గదా."

"ఎవరిదో బిందె. నువ్వెందుకు తోయాల?"

సుంకమ్మ ఆయన వైపు వింతగా చూసింది. "ఆయమ్మ ఎనకాల నేనుండా గదా సార్."

మంజునాథ్ గారు నస్రీన్ వైపు తిరిగారు. "రాయదుర్గంలో కూడా ఇట్లనేనా?"

"అంతే సార్" అంది నస్రీన్ మెల్లగా. "మా అమ్మీ కూడా అట్లనే తోస్తాది. అది... అది చెప్పే సంగతి అనుకోల్యా సార్. అందరూ చేసేదే గదా."

"పిచ్చిదానా!" అని అరిచారాయన. కింద ఖాయంగా తలలెత్తి ఉంటారు. "అందరూ చేసేదాన్నే విడిచిపెట్టి, ఎవరూ చెయ్యనివి రెండు తెచ్చి పెట్టినావు గదే!"

ఆ అరుపులో ఎంత సంతోషం ఉందో నాకు తెలుస్తోంది. కానీ నేను అక్కడ లేను. మా వీధిలో, మూసిన తలుపు వెనక ఉన్నాను. బయట బిందెలు రాళ్ళ మీద గరగరమంటూ జరుగుతున్న చప్పుడు. ఆ చప్పుడులో మా బిందెది కూడా ఉందని ఇన్నేళ్ళకు విన్నాను.

ఇంటికి పోగానే అమ్మను అడిగాను. "అమ్మా, మన బిందెను ఎనకున్నోళ్ళు జరిపేవాళ్ళంట గదా. అమ్మవారు జరిపింది అంటివి?"

"అబద్ధమా అది?" అంది అమ్మ. "ఒకరోజు కుమ్మరి నాగమ్మ, ఒకరోజు ఇంగొకామె. ఎవరెవరని చెప్పేది? కాలు ఎవరిదైతే ఏంలే పాపా, జరిపించిందెవరు?"

ఆ రాత్రి దీపం దగ్గర నేను అమ్మవారికి పెట్టిన దండంలో చాలామంది ఆడవాళ్ళు ఉన్నారు. వాళ్ళలో ఎక్కువమంది పేర్లు నాకు తెలియవు.

ఏమీ దొరకని మీట

సీను మళ్ళీ రాశాం. సమయం తక్కువ ఉండటం కన్నా పెద్ద చిక్కు మంజునాథ్ గారితో వచ్చింది.

"సరే, జరిపే మీట పెడతాం. జరిపితే ఆడేవాళ్ళకు ఏం దొరకతాది?"

"ఏమీ దొరకదు సార్" అంది నస్రీన్.

"ఏమీ దొరకని మీట ఎవరు నొక్కతారు పాపా? ఒక మార్కో, ఒక మెచ్చుకోలో ఉండాల గదా."

"సుంకమ్మ నొక్కింది గదా సార్. పనే చెయ్యని మీట. నొక్కతానే ఉన్నింది."

ఆయన "టీ తెప్పించండి" అన్నారు.

వలయం తీసేశాం. మెరిసే గుర్తులు తీసేశాం. వరుస కదిలినప్పుడల్లా గంగమ్మ తన బిందె జరుపుకుంటుంది. ముందున్న నీలం బిందెను జరపాలా, నెట్టాలా, వదిలేయాలా అన్నది ఆడేవాళ్ళకే వదిలేశాం. ఏది చేసినా గేమ్ ఒక్క మాట అనదు. నెట్టినవాళ్ళను వీధి ఆడవాళ్ళు తిట్టేట్టు నేను మంచి మంచి తిట్లు రాసిపెట్టాను. అవీ తీయించింది నస్రీన్. "తిడితే వాళ్ళు మనకు జవాబు చెప్పుకుంటారక్కా. తిట్టకపోతే వాళ్ళకు వాళ్ళే చెప్పుకుంటారు" అంది. నా తిట్లు పోయినందుకు కొంచెం బాధపడ్డాను కానీ, ఆమె చెప్పిందే సరి.

ఆ తర్వాత ఘట్టం ఒకటి కలిపాం. మర్నాడు మళ్ళీ ట్యాంకరు కోసం వరుస కడతారు, ఇంతలో బిడ్డకు జ్వరం ఎక్కువై గంగమ్మ ఆసుపత్రికి పరుగెడుతుంది. బిందె వరుసలో వదిలేసి పోతుంది. తిరిగి వచ్చేసరికి ఆ బిందె ఎక్కడ ఉందో, అంతే.

బెంగళూరులో ఆ రోజు డబ్బు పెట్టేవాళ్ళ తరఫున ఒకామె ఆడింది. మన భాష కాదు, మన వరుసలు ఎరగదు. మాటల అర్థం తెర కింద ఇంగ్లీషులో వస్తోంది. నీలం బిందె దగ్గరికి వచ్చింది. ఒక్క క్షణం చూసి, నెట్టేసి ముందుకు పోయింది. నీళ్ళు పట్టుకుంది. నస్రీన్ నా చెయ్యి పట్టుకుంది.

గంగమ్మ ఆసుపత్రి నుంచి వచ్చింది. వరుసలో తన బిందె లేదు. గోడ పక్కన బోర్లపడి ఉంది. ఎవరూ ఏమీ అనలేదు. ట్యాంకరు వెళ్ళిపోతోంది.

ఆమె రిమోట్ ఒళ్ళో పెట్టుకుంది. నేను తెర చూడలేదు, ఆమె ముఖమే చూస్తున్నాను. పక్కన మంజునాథ్ గారూ అంతే.

"ఆ వరుస దగ్గరికి మళ్ళీ పోవచ్చా?" అని అడిగింది.

రెండోసారి ఆమె నీలం బిందెను ముందుకు తోస్తూ పోయింది. తన బిందె కొంచెం, ఆ బిందె కొంచెం. ఆలస్యమైంది, గంగమ్మకు సగం బిందె నీళ్ళే దొరికాయి. ఆసుపత్రి నుంచి వచ్చేసరికి గంగమ్మ బిందె ట్యాంకరు ముందు ఉంది. పక్కన ఎవరూ లేరు. ఆమె కెమెరాను అటూ ఇటూ తిప్పి వెతికింది, ఎవరు జరిపారా అని. ఎవరూ కనబడలేదు. అప్పుడు నవ్వింది.

సీను నిలిచింది. తిరిగి వచ్చేటప్పుడు రైల్లో మంజునాథ్ గారు కిటికీ వైపు చూస్తూ అన్నారు. "ఏం పాపా, రాయదుర్గం బస్సుకు టికెట్ తీసినావా?"

"లేదు సార్."

"తీయాకు."

నస్రీన్ పైట కొంగుతో ముఖం దాచుకుంది. పెనుకొండ దాటేదాకా తీయలేదు.

వెనకాల ఉన్నవాళ్ళు

పిల్లలూ, ఆడేవాళ్ళకు రెండు దారులు చూపించి ఎంచుకొమ్మనడం తేలిక. ఆ రెండూ కాక వాళ్ళ చెయ్యి తనంతట తాను ఎటు పోతోందో చూడండి. మనుషులు మనం అనుకున్నదాని కన్నా మంచివాళ్ళు. నేను ఈ మాట భక్తితో అనడం లేదు, ఇన్నేళ్ళు ముఖాలు చూసి అంటున్నాను. మీ ఇంట్లో, మీ వీధిలో చెప్పే పని లేదనిపించేంత మామూలు సంగతి ఏదో ఉంటుంది. వేరే దేశాల గేములు చూసి నేర్చుకోండి, తప్పు లేదు, కానీ ఆ మామూలు సంగతిని ఇంట్లో వదిలేసి రావద్దు.

అమ్మ పోయింది. నాకు ఉబ్బసం మళ్ళీ ఎక్కువైంది, మెట్లెక్కి ఆ గదికి పోలేను. పని మానుకునే నాటికి నేను రాస్తున్న ఘట్టం ఒకటి సగంలోనే ఉండిపోయింది. ఒక ముసలామె, ఒక నేసే మగ్గం, తెగిన పోగు. దాన్ని ఎవరికీ అప్పజెప్పలేదు. పక్కన పెట్టేసి ఉంటారులే అనుకున్నాను. ఇప్పుడు నా కుర్చీలో కూర్చునేది నస్రీనే.

నిన్న సాయంత్రం ఫోన్ చేసింది. "అక్కా, నీ ముసలామె ఈ పోగు అతకతాదా, కొత్తది వేస్తాదా? ఆడ ఆగిపోయినా."

"నువ్వు దాన్ని రాస్తాండావా ఏమే? నీకు నీ పనే ఉండాది గదా!"

"నాది రాసినప్పుడంతా నీది రవ్వంత జరుపుతాండా."

"నేను ఇంగ రాను గదమ్మా."

"రా, రాకపో, నీ ఇష్టం" అంది నస్రీన్. "ఎనకాల నేనుండా గదక్కా."